ఎవరి మీద నమ్మకం

గోదావరిఖని. గని కార్మికుల క్వార్టర్లలో పూలమ్మ ఇల్లు. చెల్లెలు తిరుమల రొప్పుతూ వచ్చి వంటగదిలో కూలబడింది.

"మళ్ల చెప్పు తిరుమలా. నీ పోరికి గోలీలు ఎందుకు బంద్ పెట్టినవ్?"

"నేను పెట్టలేదక్కా. మా ఆయన పెట్టిండు. బాబా చెప్పిండట."

"ఫిట్స్ వస్తున్నయే దానికి! దవాఖానల డాక్టర్ ఏమన్నడు? ఒక్క పూట గూడ తప్పొద్దన్నడా, లేదా?"

"అన్నడు."

"మరి?"

"గోలీలతోని పొయ్యేది కాదట. ఎవరో... ఎవరో చేసిండ్రట."

"థూ! మంత్రాలా? గనిల మిషన్ నడిపెటోడు మీ ఆయన వీరేందర్, గంత సదువుకున్నోడు, గివి నమ్ముతుండా? మీ ఇంట్ల మన అవ్వ ఉన్నది గదా, అల్లునికి చెప్పొద్దా?"

"అవ్వ మాట ఎవలింటరక్కా."

"నువ్వన్న చెప్పకపోయినవ్."

"చెప్పిన. 'మీ అక్క శనివారం ఒక్కపొద్దుంటే నమ్మకం, నేను బాబా కాడికి పోతే మూఢనమ్మకమా?' అన్నడు."

"నేను చెప్త ఇను. నేను ఒక్కపొద్దుంటే మాడేది నా కడుపు. ఆయన నమ్మితే గోస పడేది ఇంకొకళ్లు. గదీ తేడా. తెల్సిందా?"

"తెల్సింది."

"ఎవలి పేరు చెప్పిండు గా దొంగ బాబా?"

"పేరు చెప్పలే. ఒక ముసలామె అన్నడు. మొగడు లేనామె అన్నడు."

"మీ లైన్లనే ఉంటదా?"

"చాయ్ పెట్టకక్కా, నాకొద్దు."

"అడిగింది చెప్పవే. మీ లైన్లనే ఉంటదా గామె?"

"ఉంటది."

"ఏమన్న చేసిండ్రా ఏంది?"

"అర్రల ఏసి గొళ్లెం పెట్టిండ్రు. మా ఆయన, ఆయన తమ్ముడు."

"ఎందుకు?"

"అక్కా..."

"ఎందుకే?"

"పండ్లు... పండ్లు పీకితే మంత్రం పారదట."

"ఛీ! ఛీ ఛీ! ముసల్దాని పండ్లు పీకుతరా? నువ్వు చూసుకుంట కూసున్నవా?"

"చూడలేకనే ఉరికొచ్చిన. బాబా ఇంకా రాలే. వచ్చినంక పీకుతరట. బావను జర తోలక్కా, బావ మాటైతే ఇంటడు."

"మీ బావ షిఫ్టుల ఉన్నడు. గీ పనికి బావ ఎందుకు? పోలీసులే రావాలె. ఫోన్ ఇటియ్యి."

"పోలీసులొద్దక్కా, ఆయన్ని జైల్ల ఏస్తరు."

"ఏయనీ! మొగని మీద ఫికర్ పడ్డదా నీకు? నిన్ను చూస్తనే రోతైతున్నది. గా ముసల్దాని సంగతేంది? దిక్కులేనిదనేనా గింత ధైర్యం? కొడుకో బిడ్డో, ఎవలు లేరా గామెకు?"

"ఉన్నం అక్కా. ఇద్దరు బిడ్డలం."