అత్తయ్య గీసిన మల్లెతీగ

ముందుగదిలో ఎంబ్రాయిడరీ మిషన్ ఆగి ఉంది. కోడలు కంప్యూటర్ ముందు తల పట్టుకుంది. పక్కనే అత్తగారు బఠాణీలు ఒలుస్తోంది.

"మీరు గీసిన డిజైన్లన్నీ పాడైపోయాయి అత్తయ్యా. ఏది తెరిచినా పిచ్చి అక్షరాలే! సాయంత్రానికి దిండు గలీబులు ఇవ్వాలి. ఇవన్నీ చెరిపేసి మళ్ళీ చేస్తాను."

"ఆగాగు, చెరపకు! నిన్న ఉత్తరాలు రాసుకునే ప్రోగ్రాం ఏదో ఎక్కించావుగా? డిజైన్లను ఇప్పుడు అదే తెరుస్తోంది. ఫైలు మీద మౌసు కుడి బటన్ నొక్కు. 'దేనితో తెరవాలి' అనుంటుంది. మన కుట్టు ప్రోగ్రాం చూపించు. కింద 'ఎప్పుడూ దీంతోనే' అన్నచోట టిక్కు పెట్టు. లేకపోతే రేపు మళ్ళీ ఇదే గోల."

"అమ్మయ్య! మల్లెతీగ వచ్చేసింది, మొగ్గలతో సహా! మౌసు ముట్టుకోమంటే చేతులు వెనక్కి దాచుకునేవారు, ఇదంతా ఎప్పుడు నేర్చారండీ?"

"నువ్వు బయటికెళ్ళినప్పుడు రోజూ తెరిచి చూస్తుంటాను. ఓసారి ఏదో నొక్కి ఇలాగే చేశాను. నువ్వొచ్చేలోగా సరిచేసేసరికి చెమటలు పట్టాయి."

"నాతో అంటే నేనే చూపించేదాన్నిగా!"

"నా పెన్సిలు గీతల్ని నువ్వు దారంలో అంత అందంగా దించావు. అవి చూసుకుని మురిసిపోతున్నానని చెప్పడానికి సిగ్గేసిందే. ఊఁ, మిషన్ ఆన్ చెయ్, టైమవుతోంది."