ముంగటి డోర్లు

హన్మకొండలో కార్ల డెకార్ షాపు ముందు పాస్టరుగారు కారు ఆపించారు. డ్రైవర్ దానియేలు ఇంజను ఆపకుండానే కూర్చున్నాడు.

“కారుతోని వచ్చిన కంపెనీ స్పీకర్లు గరగరమంటున్నయి దానియేలూ. పెన్ డ్రైవ్‌ల నా ప్రసంగం ఒక్క ముక్క సమజైతలేదు.”

“నాకైతే మంచిగనే ఇనొస్తున్నయి అయ్యగారూ.”

“మొన్న తొర్రూరు పోయొచ్చేదాక గదే ఇన్నవు. ఏం చెప్పిననో జర చెప్పు.”

దానియేలు గుడ్డ తీసి ముందు అద్దం తుడవసాగాడు. ఇన్నాళ్లూ ఆ గరగర చాటునే ప్రాణం కాపాడుకున్నాడు.

“చూసినవా? అందుకే మార్పిద్దాం. నాలుగు డోర్లకు పెట్టియ్యాలంటే మన బడ్జెట్ సరిపోదు. రెండే వస్తయి.”

“అయితే రెండూ ఎనక డోర్లకే పెట్టిద్దాం అయ్యగారూ. మీరు కూసునేది ఆడనే గదా.”

“నాకెందుకు, చెప్పింది నేనే గదా. రెండూ ముంగటనే పెట్టిద్దాం. రోజంతా ఇనేది నువ్వు.”