బజ్జీల నూనె, నిర్మల్ ఘాట్

"అట్ల కాదవ్వా. లారీ బజ్జీలు తినదు. బజ్జీలు ఏసిన నూనె తాగుతది, గంతే."

"తాగుతదట. పెద్ద చెప్పొచ్చినవ్. గా నూనె మనిషి తింటేనే గుండె పట్టుకుంటది. గది దాని కడుపుల ఏం జేస్తదో ఎవలకెరుక."

"లారీకి గుండె లేదవ్వా."

"నాకున్నది గదరా."

హుస్నాబాద్‌లో సంతోషమ్మ ఇంటి ముందు పాత లారీ మొక్కజొన్న బస్తాలు ఎత్తుకుని నిలబడి ఉంది. నాలుగింటికి కొడుకు జోయల్ దాన్ని తీసుకుని ఆదిలాబాద్ బయలుదేరాలి. హోటళ్లు పారబోసే నూనె పోసుకుని ఆ లారీ అంత దూరం పోవడం ఇదే మొదలు. ఆమె భర్త అబ్రహాం గడప పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"ఏమే సంతోషమ్మా, పోరన్ని పోనియ్యవా ఏంది? ముప్ఫయ్యేండ్లు నేను బెల్లంపల్లి బొగ్గు బాయిల దిగిన. దిగినప్పుడల్ల గిట్లనే ఏడ్సినవ్. ఏమైంది? నేనీడ కూసోలేదా?"

"నువ్వు కూసున్నవయ్యా. నా పానమే గా బాయి గేటు కాడ ఉండిపోయింది."

"బాపూ, ఎట్ల మాట్లాడుతుందో సూడు."

"సూస్తనే ఉన్న బిడ్డా, పెండ్లయినకాడి సంది."

"నవ్వుండ్రి, తండ్రి కొడుకులు మంచిగ నవ్వుండ్రి. జోయల్, నేనడిగిన దానికి జవాబు చెప్పు. గా నూనెకు మంట అంటుకుంటదా, అంటుకోదా?"

"డీజిల్ కన్న లేటుగ అంటుకుంటదవ్వా. అసలు భయపడితె డీజిల్‌కు భయపడాలె."

"అంటే… డీజిల్ గూడ అంటుకుంటదా?"

"మరి అంటుకోదా?"

"ఇన్నేండ్ల సంది గసొంటి దాని మీద కూసోవెట్టి పంపిన్నా నేను నిన్ను?"

"బాపూ, ఉన్న భయం తీద్దామని పోతే కొత్తది తగిలిచ్చిన."

"నువ్వెందుకు జవాబు చెప్పినవ్ బిడ్డా? మీ అవ్వ అడిగితే ఆఁ అనాలె, ఊఁ అనాలె, చెప్పులేసుకోవాలె."

"నీకు అంతే వచ్చయ్యా. చర్చి సందుల ఉండే బుచ్చవ్వ ఏం జెప్పిందో ఎరుకేనా మీకు? మొన్న ఆదివారం గీ లారీ చర్చి సందులకెల్లి పోతుంటె ఊరకుక్కలన్నీ ఎంబడి వడ్డయట, బజ్జీల వాసనకు."

"కుక్కలేనా అవ్వా? పాస్టర్ గారు గూడ ప్రసంగం నడుమ ఆగి ముక్కు ఎగపీల్చిండట గద."

"నీకెవలు జెప్పిన్రు?"

"నా దోస్తు అనిల్ కుమార్ జెప్పిండు. ఎనుక బెంచీల కూసున్నోళ్లందరు దిక్కులు సూసిన్రట."

"నేను ముందు బెంచీల ఉన్న. సిగ్గుతోని తల లేపలే. ఉపవాసం గురించి చెప్తుండె ఆయన."

"అయితే మంచిదే. ఉపవాసమంటే ఏందో జనానికి ఆనాడే తెలిసింది."

"ఇగో గిట్ల. గిట్లనే నవ్వుతాలు. పోలీసులు ఆపితే గూడ గిట్లనే నవ్వుతవా?"

"ఆపితె బజ్జీలేవని అడుగుతరు. రెండు కట్టిచ్చుకపోత."

"జోయల్."

"సరే, సరే. అవ్వా, జర కూసో. ఈడ, నా పక్కన. ఒక్క మాట చెప్త ఇను. డీజిల్ మీదనే నడిపితె గా ఖర్చుకు గీ లారీ వానకాలం దాటదు. పాతసామానోని పాలైతది. నాకు డ్రైవింగ్ తప్ప ఇంకో పని రాదు. గదే ఇయ్యాల గీ లోడుతోని, గీ నూనె మీద నిర్మల్ ఘాట్ ఎక్కిందనుకో, ఇగ లారీ అమ్ముడే లేదు. మనింటి ముంగటనే ఉంటది."

"ఎక్కకుంటె?"

"ఎక్కుతది."

"ఎక్కకుంటెరా?"

"ఎక్కకుంటె దిగుతది."

"ఏమయ్యా, ఇన్నవా? ఇన్నవా వీని మాటలు? జర నువ్వన్న చెప్పరాదు."

"ఏం జెప్పాలె? మొగోడు పనికి పోతుండు. పోనియ్యి. మా బాయిల కప్పు మట్టి నెత్తి మీద రాలుతుంటె దులుపుకొని గడ్డపార పట్టినోన్ని నేను. నా కొడుకు ఘాట్‌కు భయపడతడా?"

"నువ్వు ధైర్యస్తునివే. నేనే పిరికిదాన్ని."

"గది నేననలే. ఊరంత అంటుంది."

"జోయల్, నూనె ఎట్ల కడుగుతున్నవో మల్లొక్కసారి చెప్పు."

"కడుగుడు కాదవ్వా, వడగట్టుడు. వేములవాడ లింగమూర్తి హోటల్‌కెల్లి తెస్తున్న గద. రాజన్న గుడికొచ్చెటోళ్లకు పూరీలు, గారెలు ఏసి ఏసి నల్లగైన నూనె. ఏడ్దినాలు డ్రమ్ముల కదలకుంట పెడతా. మడ్డి అడుగుకు దిగుతది. పైన తేటది మగ్గుతోని ముంచుకొని, నీ చీరల వడగట్టి…"

"ఏ చీరల?"

"పాతదే."

"ఏ పాతదిరా?"

"గదే… పచ్చంచుది."

"పచ్చంచుదా? గది పోయిన క్రిస్మస్‌కు కట్టుకున్న."

"అందుకే మంచిగ వడగడుతుందవ్వా. నేత గట్టిది. మిరపగింజ గూడ దిగుతలేదు."

"నేను బీరువంత ఎతుకుతున్న నెలరోజుల సంది. లిడియా ఎత్తుకపోయిందేమో అనుకున్న. పక్కింటి పిల్ల మీద లేనిపోని అనుమానం పెట్టుకొని, మొన్న దానితోని సరిగ్గ మాట్లాడలే."

"అందుకేనా లిడియా నన్నడిగింది, మీ అవ్వకు నా మీద కోపమా అని."

"ఏమన్నవ్ నువ్వు?"

"లారీ మీద కోపం, అందరి మీద తీస్తదన్న."

"పోనియ్యిండ్రి, చీర సంగతి మల్ల మాట్లాడుకోవచ్చు. బిడ్డా, టైమెంతైంది?"

"మూడు దాటింది బాపూ. అవ్వా, సద్ది ఏది?"

"ఏ సద్ది?"

"నేను పోవాలె గద నాలుగింటికి."

"కడ్త తియ్యి. తొందరేమున్నది?"

"అవ్వా. నేను వేములవాడ పోతనే రెండు పూటల సద్ది కడ్తవ్ నువ్వు. కరీంనగర్ పోతె పచ్చడి సీసా, నిమ్మకాయలు, జ్వరం గోళీలు. ఆదిలాబాద్ పోతుంటె ఏం కట్టలేదా?"

"మరిచిపోయిన."

"నువ్వా?"

"మనిషన్నంక మరువదా?"

"మరిచిపోయింది కావచ్చు బిడ్డా. తొవ్వల ఏదన్న తిందువు గని."

"సరే. స్టవ్ మీద పెంక పెట్టవ్వా. ఆఖరి పరీక్ష ఒకటున్నది. అది జేసి నూనె టాంకిల పోసుకుంట."

"ఏం పరీక్ష?"

"కాలిన పెంక మీద గంటెడు నూనె పొయ్యాలె. చప్పుడు జెయ్యకుంటె నూనె మంచిది. చిటపటమన్నదో, దాంట్ల నీళ్లున్నట్టు."

"గది నాకు నేర్పుతున్నవా? నువ్వు పుట్టకముందుకెల్లి గారెలు ఏస్తున్న నేను. ఇప్పుడు గా పరీక్ష ఏమద్దు తియ్యి. మొన్ననే వడగడ్తివి గద."

"నిజమే బిడ్డా. ఊకె లేట్ చేసుకునుడు. పోసుకొని స్టార్ట్ చెయ్యి, సూద్దాం."

"ఏంది, ఇయ్యాల మీరిద్దరు ఒక్క మాట మీదికొచ్చిన్రు? నా పేరు వెట్టేటప్పుడు గూడ రాలేదట గద."

"నేను అబ్రహాం కొడుకు ఇస్సాకని పెట్టుమన్న. మీ అవ్వ ఇంటేనా? బైబిల్ల అబ్రహాం దేవుని మాట మీద ఇస్సాకును బలియ్యవోయిండు, ఆ పేరు వద్దన్నది."

"మల్ల? ఎవలన్న పెడతరా గా పేరు?"

"ఆఖరికి కొడుకు బదులు గొర్రె దొరికింది గదనే."

"మనకు దొరకకపోతెనో?"

"సరే సరే, పెంక కాలింది. జరగండ్రి. పోస్తున్న."

పెంక మీద నూనె పడిన చప్పుడు వాకిట్లోకి కూడా వినిపించింది.

"ఇన్నవా అవ్వా?"

"ఏంది?"

"చప్పుడు."

"నాకు ఈ మధ్య చెవులు సరిగ్గ ఇనొస్తలేవు."

"పక్కింట్ల గుసగుసలు ఇనొస్తయి, గీ చిటపట ఇనొస్తలేదా?"

"వాన వడ్డది గద. తడి తగిలిందేమో."

"ఎప్పుడు వడ్డది?"

"మొన్న."

"మొన్న ఎండకు కోడిపిల్ల సచ్చిందని ఏడ్సినవ్."

"అయితే మంచు గావచ్చు."

"మే నెలల?"

"పిల్లి తిరుగుతుంది ఇంట్ల. మూత తీసిందేమో."

"మూత తీసి, చెంబుతోని నీళ్లు ముంచుకొచ్చి పోసిందా పిల్లి?"

"ఇంకెక్కడి పిల్లి బిడ్డా. మీ అవ్వ మొకం జూడు, సున్నమేసినట్టైంది. దొరికిపోయిందిగో దొంగ."

"నువ్వూకోవయ్యా."

"అవ్వా, నా దిక్కు సూడు. పోసినవా?"

"ఏం పోసుడు?"

"అవ్వా."

"ఒక్క చెంబే."

"ఒక్కటేనా?"

"రెండు. పెద్ద చెంబు కాదు, పూజారి చెంబంతది."

"మనకు పూజారి చెంబెక్కడిది?"

"చిన్నదని చెప్తున్నరా. నీళ్లుంటె లారీ నడవదని నువ్వే అంటివి. నడవకుంటె ఇంటి ముంగటనే ఉంటది. అది ఉంటె నువ్వుంటవ్. గింతే నేననుకున్నది. పాపమేం జెయ్యలే. ప్రార్థన చేసినంకనే పోసిన."

"ప్రభువు పొయ్యుమన్నడా?"

"వద్దనలే."

"హహ్హ. బిడ్డా, రేపు పాస్టర్ గారికి చెప్పాలె గిది. సంతోషమ్మ ప్రార్థన చేసి నూనెల నీళ్లు పోసిందని."

"బాపూ, జరాగు. ఇది నవ్వే ముచ్చట కాదు. అవ్వా, నువ్వు ఏడ్వనంటె ఒకటి చెప్త. ఏడ్వవు గద?"

"చెప్పు."

"నీళ్లు పోస్తె లారీ ఈడ ఆగదు. దానికి రెండు టాంకీలున్నయ్. పోయిన నెల మెకానిక్ శ్రీహరి రెండోది బిగిచ్చిండు. స్టార్టయ్యేది డీజిల్ టాంకి మీదనే. సల్లగున్న ఇంజన్ల గీ నూనె పని జెయ్యదు. ఇంజన్ మంచిగ కాగాలె. డీజిల్ మీదనే జగిత్యాల పోత, నిర్మల్ పోత. ఘాట్ ఎక్కేముందు పైపు కాక్ తిప్పి, డీజిల్ బంద్ జేసి గీ నూనెకు మారుస్త. ఎందుకంటె డీజిల్ ఎక్కువ తాగేది ఆ ఎక్కుడు మీదనే."

"అయితే?"

"అయితే ఏందవ్వా? నీళ్లు అడుక్కు దిగి ఉంటయి. పైపు ఉండేది అడుగునే. బరువు మీద ఎక్కుతుంటె, మలుపు కాడ, సీద నీళ్లే ఇంజన్లకు పోతయి."

"అప్పుడు?"

"ఇంజన్ బందైతది."

"ఎనుక గీ బస్తాలన్నీ ఉండంగనా?"

"ఆఁ."

"ఎనుకకు జారితె?"

"ఎనుక బస్సులుంటయి, కార్లుంటయి. ఇన్నేండ్లల్ల నువ్వు జెప్పిన భయాలన్నీ ఒక్కపారి నిజమైతుండె."

"ప్రభువా. నా చేతులతోని నేనే. నా చేతులతోని నేనే పంపుతుండెనా నిన్ను? గీ చేతులు కొట్టెయ్యాలె."

"ఏడ్వనన్నవ్ గద. ఇగో అవ్వా, నా దిక్కు సూడు. ఈడనే ఉన్న. గిందుకే గద పరీక్ష. దొరికింది, అయిపోయింది. బాపూ, నువ్వేంది, గట్ల చెమటలు కారుతున్నయి? నీళ్లు తాగుతవా?"

"ఏం లే. ఉక్క."

"ఇయ్యాల నేను పోను. లోడు సేటుకు ఫోన్ చేసి చెప్త. నూనె మల్ల కాగవెట్టి, నీళ్లన్ని ఎగ్గొట్టి, మల్ల పరీక్ష జేసి రేపు పోత. సరేనా?"

"రేపు నేనే పోస్త పెంక మీద. నేనే ఇంట చప్పుడు. ఒక్క చిటుక్కుమన్నా కదలనియ్య."

"నువ్వే ఇను. నీ అంత మంచిగ ఎవలింటరు? ఇప్పుడు నువ్వు పోసిన డబ్బాలు సూపియ్యి, పక్కకు పెట్టుకుంట."

"ఇగో, తలుపెనుక. గీ రెండు, ఎర్ర మూతలయి."

"ఎర్ర మూతలయా?"

"ఆఁ."

"మంచిగ యాజ్జేసుకో అవ్వా. నీలం మూతలయి కాదా?"

"అవెట్ల ముట్టుకుంట? వాటి ముంగట బియ్యం బస్తా ఉండె. జరుపుదామంటె నడుము పట్టుకున్నది. అందవాటుల ఉన్నయని ఎర్రయి తీసిన."

"అవ్వా, ఎర్ర మూతలది అడుగు మడ్డి. పారవోసుడే దాన్ని. నువ్వు చెత్తల నీళ్లు పోసినవ్."

"అంటే… నా నీళ్లు లారీలకు పోకపోతుండెనా?"

"సుక్క గూడ పోకపోతుండె."

"స్తోత్రం. తండ్రీ, నీకు స్తోత్రం. మరి పెంక మీద చిటపటమన్నది?"

"గదే నేను గూడ అడుగుతున్న. నేను పోసింది నీలం మూతది. మొన్న ఆరాముగ పరీక్ష జేసి పెట్టిన దాన్ని. చప్పుడే రాలే."

"నేను ముట్టలేరా. ఒట్టు వెయ్యొద్దంటరు గని, వెయ్యిమంటె వేస్త."

"నువ్వు గాదవ్వా. నీతోని ఆ బస్తా జరగదు."

"మరెవలు జరిపిన్రు? ఏమయ్యా, ఎటు లేస్తున్నవ్?"

"జర గాలికి పోయొస్త."

"ఉక్క అంటివి, ఎండలకు పోతవా? కూసో. పొద్దటి సంది నన్ను దెప్పుతున్నవ్, ఇప్పుడు తప్పిచ్చుకపోతున్నవేంది?"

"బాపూ?"

"ఇంటి ముంగట స్టార్టే గాదనుకొని నేనే నీళ్లు పోసిన బిడ్డా. రెండో టాంకి సంగతి నాకెవలు చెప్పలే… నిజంగ ఘాట్ మీదనే ఆగుతుండెనా?"