మామగారి పెదవికి తగ్గ దారం

ఏవీ, ఇలా ఇవ్వు చూద్దాం. ఇదొకటీ, ఇదొకటీ. రెండు గాలం దారం చుట్టలూ తెచ్చావా, మంచిపని చేశావు. నా కళ్ళజోడు ఆ టీవీ పక్కన ఉంటుంది, అందుకో అమ్మడూ. ఆఁ, ఇప్పుడు కనబడింది. దీనిమీద ఇరవై కిలోలు ఆపుతుందని ఉంది, దీనిమీద ఆరు. నువ్వేమో చెరువులో బంగారుతీగ చేప ఎనిమిది కిలోలు తూగుతుంది కాబట్టి ఇరవైదే క్షేమం అని లెక్కేసేశావు, అంతేనా? లెక్కలో తప్పేం లేదు. నీ లెక్కలు ఎప్పుడు తప్పాయి గనక. కానీ నీళ్ళలో చేప తక్కెట్లో కూర్చున్నట్టు కూర్చోదు కదే. లాగుతుంది, ఆగుతుంది, నువ్వేం చేస్తావో చూస్తుంది. మా వదినకి చూపించాల్సింది ఇవి. నీకు పెద్ద నాయనమ్మ వరస, నువ్వు పుట్టేసరికే లేదులే. కుట్టుమిషన్ వదిన అనేవాళ్ళు వీధంతా. ఆవిడైతే దీనిమీద ఏం రాశారో చూసేదే కాదు. ఓ మూరెడు లాగి పెదవుల మధ్య పెట్టుకుని మెల్లిగా జారనిచ్చేది. నవ్వకు. వేలికి తెలియని గీత పెదవికి తెలుస్తుంది. ప్రయత్నించు కావాలంటే.

అసలు గాలం పిచ్చి మా అన్నది. లేతు మిషన్ మీద పని ఇద్దరిదీనూ, ఒకే షెడ్డు. సెలవొస్తే చాలు, ఇటుకల బట్టీ వెనక గుంటకి పోయేవాడు. మట్టి తవ్వి తవ్వి వదిలేస్తే నీళ్ళు నిండిన గుంట అది. అందులో ఓ ముసలి బంగారుతీగ ఉండేది. దానికి మామగారని పేరు పెట్టారు మనవాళ్ళు. ఎందుకంటే, వస్తాడు, పెట్టింది తింటాడు, ఏదో ఒకటి తెంపుకుని ముఖం తిప్పుకుని పోతాడు. "మామగారికి ఇవాళ కూడా మర్యాద సరిపోలేదురా" అనుకుంటూ వచ్చేవాడు అన్నయ్య, చేతిలో వట్టి కర్ర. ఇక మర్నాడే బజారుకెళ్ళి ఇంకాస్త లావు దారం తెచ్చేవాడు. మాది ఇనుము పని కదా, ఏదైనా తెగిందంటే బలం చాల్లేదనే అర్థం మాకు. మళ్ళీ తెగేది, మళ్ళీ లావుది. ఆఖరికి ఆకుపచ్చ రంగుది తెచ్చాడు, బట్టలారేసుకోవచ్చు దానిమీద. అదీ తెగింది. అదెక్కడ తెగిందనుకున్నావ్, కర్ర దగ్గర. అంతపొడుగు దారం మామగారు ఈడ్చుకుపోయాడు. వదిన మిషన్ తొక్కుతూనే అంది, "పల్చటి గుడ్డకి గోనెదారం వేస్తే ఏమవుతుందండీ? దారం తెగితే మళ్ళీ కుట్టుకుంటాం. గుడ్డ చిరిగితే?" అన్నయ్య ఏమన్నాడూ... "నువ్వు జాకెట్లు చూసుకో" అన్నాడు. అనేసి నవ్వాడు కూడా. అదే ఏడు జ్వరమొచ్చి పోయాడు. ఉన్నట్టుండి. ఏం, ఏంటి అనేలోపే.

ఏం చెబుతున్నాను? ఆఁ, గుంట. ఆ స్థలం ఎవరో కొన్నారు, పూడ్చేసి గోడౌన్ కడతారట. ఓ పొద్దున్న చూస్తే పంపు ఇంజను డబడబడబ కొడుతోంది, నీళ్ళు బయటికి తోడేస్తున్నారు. ఒడ్డున మట్టి లారీలు వరసగా. వలలు పట్టుకొచ్చి చిన్నచిన్నవన్నీ ఏరుకుపోయారు జనం. మామగారు మాత్రం మధ్యలో విరిగిన ఇటుకల కుప్పలోకి దూరాడు. అక్కడ వల వేస్తే వలే చిరుగుతుంది. లారీ డ్రైవరొకాయన, పెద్ద పొట్ట ఉన్నాయన, "రేపు మధ్యాహ్నానికి బురద, సాయంత్రానికి మట్టి, లోపలున్నది లోపలే" అన్నాడు. వచ్చి వదినకి చెప్పాను. ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తోంది. ఎక్కించాకే తలెత్తింది. "మరిదీ, ఆయన ఇన్నేళ్ళు కోరుకున్నది బురదలో ఊపిరాడక పోతే నేను చూడలేనయ్యా. ప్రాణంతో తీసి పెద్ద చెరువులో వదలాలి" అంది. "నీకు గాలం వెయ్యడం వచ్చా వదినా?" అంటే, "దారం వచ్చు" అంది.

గాలాల కొట్టువాడి దగ్గర ఆ రోజు చూడాలి నువ్వు. ఒక్కో చుట్టా విప్పించడం, పెదవుల మీద లాగడం, వేలికి చుట్టి వదిలి ఎంత ముడుచుకుంటుందో చూడటం. బల్ల అంచుకేసి రాసి చూడటం. ముడేసేటప్పుడు నోట్లో పెట్టి తడిపి, అప్పుడు బిగించడం. పొడిగా బిగిస్తే అక్కడే కాలుతుందట దారం. కొట్టువాడు, "ఏంటమ్మా, చొక్కాకా, పరుపుకా?" అన్నాడు. "మామగారి పెదవికి" అంది వదిన, నవ్వకుండా. ఆఖరికి మట్టిరంగుది, సన్నది, పట్టి లాగితే కొంచెం సాగేది తీసుకుంది. మళ్ళీ గాలానికి దగ్గరగా ఓ జానెడు ఇంకా సన్నది ముడేసింది. "ఇదెందుకు?" అన్నాను. "తెగితే ఇక్కడ తెగాలి. దారం ఈడ్చుకుంటూ తిరక్కూడదు పాపం."

ఉడకబెట్టిన మొక్కజొన్న గింజ గుచ్చి విసిరింది. దారం బురద మీద ఎక్కడా కనబడలేదు, పడుకుండిపోయింది. చాలాసేపు ఏం లేదు. డ్రైవర్లు టీ తాగుతూ నవ్వుకుంటున్నారు. ఉన్నట్టుండి కర్ర వంగిపోయింది చూడు. "లాగు వదినా" అని అరిచాను. లాగలేదు. అన్నయ్య కర్రకి దారం చుట్టే రీలు ఉంది కదా, దానిమీద అరచెయ్యి ఆనించింది, అంతే. మిషన్ చక్రాన్ని ఆపడానికి అరచేత్తో ఎలా నొక్కుతారో, అచ్చం అలా. మామగారు పరిగెడితే వదిలేది, ఆగితే చుట్టేది. ఇటుకల వైపు తిరిగాడంటే తనే గట్టు వెంట అటు నడిచేది, దారం అంచుకి తగలకుండా చెయ్యెత్తి. అంత జంతువు, ఆ వెంట్రుకంత దారం. పొట్టాయన గ్లాసు కింద పెట్టి లేచెళ్ళి పంపు ఇంజను ఆపేశాడు. ఎవరూ చెప్పలేదు ఆయనకి. ఆ చప్పుడు ఆగాక దారం సన్నగా మోగడం వినబడింది అమ్మడూ, నీళ్ళ మీద. నేనెప్పుడూ అలాంటిది వినలేదు. ఇప్పటికీ... సరే.

చివరికి పక్కకి ఒరిగి వచ్చాడు మామగారు. మోకాళ్ళలోతు బురదలో దిగి తడి గోనెసంచి పట్టాం నేనూ పొట్టాయనా. ఎత్తితే, వాడి మూతికి అవతలి పక్కన ఆకుపచ్చ దారం. తెగి తెగి మిగిలిన బారెడు, నాచు పట్టి జడలాగా వేలాడుతోంది. గాలం ఇంకా పెదవిలోనే ఉంది. అన్నయ్య ముడి నేను గుర్తుపడతాను, బోల్టుకి మరలు వేసినట్టు చుట్లు చుట్టేవాడు. వదిన గుర్తుపట్టకుండా ఉంటుందా. తన గాలం చిటికెలో తీసేసింది. అది మాత్రం పటకారుతో, పెదవి చిరగకుండా, కుట్టు విప్పినట్టు విప్పింది. విప్పి, పిన్నులు పెట్టుకునేది కదా కుట్టుపనిలో, అలా ఆ గాలాన్ని పెదవుల మధ్య పెట్టుకుంది. ఆ దారాన్ని నాలుగు వేళ్ళకి చుట్టుకుంటూ నిలబడింది. పొట్టాయన అడిగాడు, "ఎవరిదమ్మా ఆ దారం?" అని. వదిన నోట్లో గాలం ఉంది. "మా అన్నది" అన్నాను నేను. ఆయన తలూపి లారీ వైపు నడిచాడు. లారీలో మట్టి మొత్తం అక్కడే దింపేసి, నీళ్ళ డ్రమ్ము ఎక్కించి, పెద్ద చెరువుదాకా గతుకుల్లో నెమ్మదిగా తోలాడు. దారంతా వదిన డ్రమ్ములో చెయ్యి పెట్టుకునే కూర్చుంది.

చెరువులో వదిలాక మామగారు వెంటనే పోలేదు. ఆవిడ కాళ్ళ దగ్గరే కాసేపు మూతి ఆడిస్తూ ఉన్నాడు. తర్వాత తోక ఒక్కసారి విసిరాడు, ఇద్దరం తడిసిపోయాం. అప్పుడు తీసింది నోట్లోంచి గాలం. తీసి, చెరువు వైపే చూస్తూ, "ఏమండీ, మీ మామగారికి ఇవాళ మర్యాద..." అని...

ఈ లావుది తిరిగిచ్చెయ్యమ్మా కొట్లో. చుట్ట విప్పలేదుగా, తీసుకుంటాడు. ఆ ఫ్యాను కొంచెం తగ్గించు.