ఎర్రమీట మీద ప్లాస్టరు

ఆపకు ప్రిషికా, అలా నడవనీ. మీ నాన్న ఈ వీడియో మిషన్ని చెత్తబండిలో వేసెయ్యమన్నాడని విన్నానులే. వేద్దువుగాని, తొందరేముంది? పనిచేస్తుందా లేదా చూద్దామనేగా టేపు పెట్టావు, పెట్టినదాన్ని అయిపోనీ. రగ్బీయే, పాత ఆటే. ఎవరు గెలుస్తారో నాకూ తెలుసు. ఇలా చాప మీదికి రా, ఆట అయ్యేలోగా నీకో మాట చెప్తా.

మీ తాత దీన్ని సువా వెళ్ళి కొనుక్కొచ్చాడు, మీ నాన్న అప్పుడు నిక్కర్లేసుకునేవాడు. అప్పటికి మన ఫిజీ మొత్తంలో టీవీ ప్రసారం అంటూ లేదమ్మా. నవ్వకు, నిజం. ఇంటింటా టీవీ పెట్టె ఉండేది, అందులో వచ్చేదేమీ లేదు. అద్దె సినిమా టేపులు తెచ్చుకుని ఇందులో పెట్టి చూడ్డమే. రికార్డు చేసే ఎర్రమీట ఒకటుందిగా, దాంతో ఏం చెయ్యాలో ఎవరికీ తెలీదు. పిల్లలు ఊరికే నొక్కుతారని మీ తాత దానిమీద దెబ్బలకి వేసే ప్లాస్టరు అంటించాడు. ఏడేళ్ళు ఆ ప్లాస్టరు అలాగే ఉంది.

ఎంత చూసుకునేవాడనుకున్నావు! ఆదివారం ఆదివారం స్పిరిటులో గుడ్డ ముంచి లోపల తుడిచేవాడు. ఓసారి బల్లి గుడ్లు పెడితే వాటిని చెంచాతో తీసి పెరట్లో పెట్టొచ్చాడు, పగలకుండా! పెద్ద గాలివానకి రేకులు లేచిపోతుంటే ముందు మిషన్ని దుప్పట్లో చుట్టి బల్ల కింద పెట్టాడు. "మరి పిల్లలో?" అని అరిచాన్నేను. "పిల్లలు తడిస్తే ఆరతారే, ఇది ఆరదు" అన్నాడు. పక్కింటి సెమీసీ యాంగోనా తాగడానికొచ్చి, "హర్‌దయాళన్నా, మా ఇంట్లో మూడో మిషను దిగింది. నువ్వింకా ఈ ముసలిదాంతోనేనా?" అని ఆటపట్టించేవాడు. మీ తాత అనేవాడు: "కొన్న ఏడాది ఏ మిషనైనా బాగానే ఉంటుంది తమ్ముడూ. పదేళ్ళు ఉప్పుగాలి తిన్నాక కూడా మాట మారకపోతే, అదీ మిషనంటే." నాకు ఒళ్ళు మండి, "నాకూ అదే లెక్కా?" అన్నా. "నీకింకా గడువుంది" అన్నాడు. ఏం మనిషి!

ఎక్కడున్నాను? ఆఁ, ప్లాస్టరు. ఏడో ఏట టీవీ వచ్చింది. వచ్చీరాగానే రగ్బీ వేస్తున్నారని ఊరంతా ఊగిపోతోంది. చెరుకు ఆడే రోజులు కదా, మీ తాతకి మిల్లులో డ్యూటీ. పొద్దున మొహం వేలాడేసుకుని వెళ్ళాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. ఆయన కోసం ఏదో ఒకటి చేద్దామని ప్లాస్టరు పీకేశాను. సినిమా టేపు ఒకటి పెట్టి ఎర్రమీట నొక్కితే మిషను బయటికి ఉమ్మేసింది. ఇంకోటి పెట్టా, అదీ ఉమ్మేసింది. సినిమా టేపుల మీద ఇంకేమీ ఎక్కించకుండా వెనకాల చిన్న పలక విరిచేసి ఉంటుందట, మనకేం తెలుసు? అయిదు టేపులు ఉమ్మి ఆరోది మింగింది. అబ్బ, మంచి టేపు అనుకున్నా. అట్ట మీద ఏదో రాసుంది కానీ, నాకు చదువొస్తేగా.

సాయంత్రం వచ్చాడు. చేతికి గ్లాసిచ్చి, ఎదురుగా కూచోబెట్టి నొక్కాను. అలా చూస్తూ ఉండిపోయాడు. టీ చల్లారిపోయింది. "బాగా రాలేదా?" అన్నా. "బాగా వచ్చింది. ఎంత తేటగా ఉందో చూడు, మిషనంటే ఇదీ" అన్నాడు.

ఆ తర్వాత ఇరవయ్యేళ్ళు ప్రతి ఆదివారం, తుడిచాక, ఇదే ఆట. "అదే ఆట ఎన్నిసార్లు చూస్తారు, ఈసారి వాళ్ళేమైనా ఓడిపోతారా?" అని దెప్పేదాన్ని. "మిషను ఎలా ఉందో చూసుకుంటున్నానే" అనేవాడు. నేను వంటింట్లోకి పోయేదాన్ని. ఒక్కనాడూ చివరిదాకా కూచోలేదు.

ఆయన పోయాక మన రామాయణ మండలిలో ఆడవాళ్ళకి అక్షరాలు నేర్పితే అరవై ఒకటో ఏట కూచున్నా. కొత్తగా వచ్చిన చదువు కదా, పిండి సంచీ, చేపల డబ్బా, ఏది దొరికితే అది కూడబలుక్కుంటూ తిరిగేదాన్ని. ఓ రోజు ఈ టేపు అట్ట తీశా. ఆయన రాతే. "అమ్మ" అని ఉంది. టీవీ రాకముందు ఆక్లండు నించి మీ తాత చెల్లెలు వీడియో కెమెరా తెచ్చి ఓ మధ్యాహ్నమంతా మా అత్తగారిని తీసింది, ఆ తర్వాత రెణ్ణెల్లకే అత్తగారు పోయింది. ఫొటో కూడా లేదమ్మా ఆవిడది. ఆ టేపు మీద నేను రగ్బీ ఎక్కించాను. ఆయన ఆ పేరు కొట్టెయ్యనూ లేదు, నాతో ఒక్క మాట అననూ లేదు.

ఏడవకే పిచ్చిదానా. ఫోనులోకి ఎక్కిస్తావా? ఎక్కించు, కాదనను. మిషను మాత్రం నా గదిలో పెట్టు, మీ నాన్నకి నేను చెప్తాలే. ఎందుకంటావా? ఆ రోజు ఈల వెయ్యగానే నేను మీట ఆపేశాను. ఆ తర్వాత టేపులో పాతది కాస్త చెరక్కుండా మిగిలింది... అదిగో, ఈల. గీతలు వస్తాయి, ఏం కాదు, చూడు. ఆ చేతులు చూడు. రొట్టె ఎలా తిప్పుతోందో. ఇక మాట్లాడకు, ఇప్పుడు నన్ను పిలుస్తుంది, పెనం మాడుతోందని...

ఆఁ, వస్తున్నానత్తయ్యా.