మొదటి రెండు రికార్డులు

గాయని రేపు తాగుడు మాన్పించే చికిత్సాలయం నుంచి ఇంటికి వస్తోంది. అమెరికా నల్లజాతివాళ్ల సోల్ సంగీతం పద్ధతిలో ఆమె పాడిన పాత పాటల రికార్డులు ముందేసుకుని ఆమె తండ్రీ, కూతురూ వంటింట్లో కూర్చున్నారు.

“తాతయ్యా, ఆపెయ్. అమ్మ గొంతు వింటే నాకు తాగొచ్చి తలుపు బాదడమే గుర్తొస్తుంది.”

“అదంతా తర్వాతమ్మా. ఇవి మొదటి రెండూ. కాస్త విను.”

“ఇంత మెల్లగా పాడిందేంటి, చెవిలో చెప్పినట్టు?”

“అదే అందరికీ నచ్చింది. కొత్త బాణీ అని పత్రికలవాళ్లు తెగ రాశారు. బాణీ లేదు, పాడూ లేదు. ఆ ఊళ్లో చూసుకునేవాళ్లు లేక నిన్ను స్టూడియోకి ఎత్తుకెళ్లేది. నువ్వు భుజం మీద నిద్రపోతుంటే పాడింది. ఇదిగో, ఇక్కడ చివరి మాట మింగేసింది చూడు, నువ్వు కదిలావు.”

“తర్వాతవాటిల్లో గొంతు చించుకుంటుందిగా?”

“అప్పటికి నిన్ను నా దగ్గర వదిలేసింది.”

“చూశావా మరి.”

“నేను దాన్ని వెనకేసుకురావట్లేదు. నువ్వు వద్దంటే రేపు దాన్ని మా చెల్లెలింటికి తీసుకెళ్తాను. నీ ఇష్టం.”

“రెండో వైపు పెట్టు.”

“ఇదిగో.”

“నా గదిలో ఇంకో పరుపు వేద్దాంలే. మళ్లీ తాగొచ్చిందంటే మాత్రం నేనే పంపించేస్తా.”

“అప్పుడు దాని సంచి నేనే సర్దుతా.”

“దుప్పటి ఏది వెయ్యను?”

“మందంగా ఉన్నదెయ్యి. దానికి చలెక్కువ.”

“నాకూ అంతేగా.”