గుమ్మం వైపు మగ్గం

చీరాలలోని ఆ ఇంట్లో మగ్గం విప్పేశారు. నేతగాడు కాళ్ళు పెట్టుకునే మగ్గం గుంత పూడ్చడానికి బయట మేస్త్రీ సిమెంటు కలుపుతున్నాడు. చాన్నాళ్ళకు వచ్చిన అక్క గుంత గట్టుమీద కూర్చుంది. తమ్ముడు నిలబడే ఉన్నాడు.

“ఒరేయ్, మన మగ్గం గుమ్మం వైపు ఎందుకు తిప్పారో గుర్తుందా?”

“నాయనమ్మ చెప్పేదిగా. తాతగారి తాత మోటుపల్లి రేవులో తెరచాప ఓడెక్కాడు. నేతగాడని చిరిగిన తెరచాపలు కుట్టే పనిచ్చారు.”

“రంగూన్ పోయాడు, తుఫాన్లలో చిక్కుకున్నాడు, ఏళ్ళ తరబడి ఊరి మొహం చూళ్ళేదు. తీరా వచ్చేసరికి?”

“తన మగ్గం మీద తమ్ముడు నేస్తున్నాడు. పక్కనే తను వదిలెళ్ళిన పెళ్ళాం నూలు కండెలు చుడుతోంది. ఇద్దరి వీపులూ గుమ్మానికే. ఏమనుకున్నాడో పాపం, తెచ్చిన టేకుపెట్టె అరుగుమీద వదిలేసి మళ్ళీ ఓడెక్కేశాడు.”

“పెట్టె చూసి వీళ్ళు రేవుకు పరిగెత్తేసరికి తెరచాప ఎత్తేశారట. ఇంకెవరూ గుమ్మందాకా వచ్చి అలా వెళ్ళిపోకూడదనే కదరా మగ్గం తిప్పింది!”

“ఇప్పుడవన్నీ ఎందుకులే అక్కా.”

“అమ్మ పోయాక, మనకు మాటల్లేని రోజుల్లో, నేనొచ్చి ఈ గుమ్మంలో నిలబడ్డాను. మగ్గం మీదున్న నువ్వు నన్ను చూసి తల దించుకున్నావు.”

అతనికి ఆ మధ్యాహ్నం, ఆమె కట్టుకొచ్చిన నీలిచీర, రెండూ గుర్తున్నాయి.

“పోగు తెగిందక్కా. అతుకుదామని వంగాను.”

“పోగు తెగితే మగ్గం ఆగాలి కదరా. నేను వీధి మలుపు తిరిగేదాకా చప్పుడు వినపడుతూనే ఉంది.”